రొయ్యలు ఒలిచే పని నాది

విశాఖపట్నం,
ఆదివారం

చి. చిన్నికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్ని అడిగింది: "తాతయ్యా, మనం రొయ్యలు అమెరికాకు అమ్మి, వంటనూనె ఇండోనేషియా నుంచి ఎందుకు కొనుక్కోవాలి? ఆ నూనేదో మనమే తీసుకోవచ్చుగా?" సిగ్నల్ సరిగా లేదని తప్పించుకున్నాను గానీ, నిజానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఈవేళ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మన వంటింట్లోకి రండి. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి కిలో రొయ్యలు తెచ్చాను. తల తుంచి, పెంకు లాగి, వీపు మీద నల్ల నరం తీయడం మామ్మకు అరగంట పని. నాకు గంట పడుతుంది, వేలికి ముల్లు గుచ్చుకోవడం అదనం. పులుసు పెట్టడం కూడా మామ్మకు అరగంటే. నేను పెడితే రెండు గంటలు. అంటే రెండు పనుల్లోనూ ఆవిడే మెరుగు. అయినా ఒలిచే పని నాకే పడింది, అదీ న్యాయంగానే. మామ్మ కిలో రొయ్యలు ఒలిచే సమయంలో ఒక పులుసు దించేయగలదు. నేను ఒలిచే గంటలో నా చేతుల మీద అయ్యేది సగం పులుసే. కాబట్టి నేను ఒలిస్తేనే ఇంటికి నష్టం తక్కువ.

1817లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో దేశాల గురించి చెప్పింది ఇదే. బట్ట, వైన్ రెండూ పోర్చుగల్ తక్కువ శ్రమతో తయారు చేయగలిగినా, వైన్ అమ్మి ఇంగ్లండ్ బట్ట కొనుక్కుంటేనే ఇద్దరికీ లాభమని లెక్కగట్టాడు. తులనాత్మక ప్రయోజనం అని దీనికి పెద్ద పేరు పెట్టారు. నూనె సంగతీ అంతే. ఎకరానికి వేరుశనగ కంటే పామాయిల్ తోట ఎన్నో రెట్లు నూనె ఇస్తుంది, కానీ దానికి ఏడాది పొడుగునా నీళ్లుండాలి. మన గోదావరి జిల్లాల్లో వేస్తున్నారు. దేశమంతా వేయడం కుదరదు. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది.

అయితే ప్రయోజనం ఉన్నంత మాత్రాన పోటీలో నెగ్గుతామని లేదు. నేను ఎగుమతుల ఆఫీసులో గుమస్తాగా ఉన్నప్పుడు ఒక కంటైనర్ వెనక్కి వచ్చేసింది. చెరువులో వాడిన యాంటీబయాటిక్ ఆనవాళ్లు రొయ్యలో దొరికాయట. ధర మనదే తక్కువ, సరుకు మాత్రం మళ్లీ మన గేటు దగ్గరే. 2025 ఆగస్టులో అయితే సరుకులో ఏ లోపమూ లేకుండానే దెబ్బ తగిలింది. అమెరికా మన మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. రొయ్యల్లో మనకు పోటీ అయిన ఈక్వెడార్‌కు వేసింది 15 శాతమే, పైగా వాళ్లు అమెరికాకు దగ్గర. ఆ నెల భీమవరం వైపు రైతుల టెన్షన్ నాకు తెలుసు. కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) పడిపోయిందని రొయ్య మేత మానేయదు కదా.

బియ్యం విషయంలో నాకో అనుమానం ఉంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసేది మనమే. కానీ కిలో బియ్యానికి రెండు మూడు వేల లీటర్ల నీళ్లు పోయాలి. పంజాబ్‌లో ఆ నీళ్లను ఉచిత కరెంటుతో బోర్ల నుంచి తోడుతున్నారు, భూగర్భ జలం ఏటికేడు కిందికి పోతోంది. బస్తా ధరలో ఆ నీటి ఖరీదు ఎక్కడా కనబడదు. దీన్ని మన గొప్పతనంగా లెక్కేసుకోవాలంటే నాకు మనసొప్పదు.

ఇంకో తమాషా. మనం ఇంతగా అమ్ముకుంటున్న వనామీ రొయ్య అసలు మనది కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. అంతకుముందు మన చెరువుల్లో ఉన్న టైగర్ రొయ్యను తెల్లమచ్చల వైరస్ ఊడ్చేస్తే, 2009లో వనామీ సాగుకు అనుమతి ఇచ్చారు. మనవాళ్లు తంటాలు పడి నేర్చుకున్నారు.

ఇక్కడిదాకా రాసి మామ్మకు చదివి వినిపించాను. "రెండు గంటలు పడుతుందని ఎవరు చెప్పారు? నలభై ఏళ్లలో పొయ్యి దగ్గరకు ఒక్కసారైనా వచ్చారా?" అంది. రికార్డో లెక్కలో ఈ ప్రశ్నకు చోటు లేదు. రేపు పులుసు నన్నే పెట్టమంది.

మీ తాతయ్య