పోలీసు రేడియోకు తాళం: ఎన్‌క్రిప్షన్‌పై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పోలీసు, అగ్నిమాపక శాఖల రేడియో వ్యవస్థలను నెలకొల్పి నిర్వహించడం నా వృత్తి. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో కొందరు, వీధిలో సైరన్లు మోగినప్పుడు సంగతేమిటో తెలుసుకోవడానికి పోలీసు రేడియో మాటలను వినిపించే స్కానర్ పరికరాన్నో ఫోన్‌లోని స్కానర్ యాప్‌నో ఆశ్రయిస్తారు. డెన్వర్ 2019లో తన పోలీసు రేడియోను ఎన్‌క్రిప్ట్ చేసింది, అంటే తాళంచెవి లాంటి రహస్య సంఖ్య (కీ) ఉన్న రేడియోలకు తప్ప ఇతరులకు అర్థం కాకుండా మాటలను మార్చేసింది. న్యూయార్క్ 2023లో తన బ్రూక్లిన్ ప్రాంతం నుంచి మొదలుపెట్టింది. ఊళ్లు ఇలా ఒక్కొక్కటిగా మూగబోతున్న కొద్దీ నన్ను అడిగేవారూ పెరిగారు. వారి ప్రశ్నల వెనుక తరచుగా కనిపించే అపోహలివి.

అపోహ: రేడియో డిజిటల్ అయింది కాబట్టి ఇక బయటివారికి వినపడదు.

వాస్తవం: ఇక్కడి పోలీసులు విస్తృతంగా వాడే ప్రాజెక్ట్ 25 అనే డిజిటల్ ప్రమాణంపై పని 1989లో మొదలైంది. గొంతును అంకెలుగా మార్చి పంపే పద్ధతి అందులో బహిరంగంగానే ఉంది కాబట్టి, ఆ ప్రమాణాన్ని అర్థం చేసుకునే స్కానర్ వాటిని తిరిగి మాటలుగా మార్చి వినిపిస్తుంది. ఎన్‌క్రిప్షన్ దానిపైన విడిగా, టాక్‌గ్రూప్ (ఒక బృందం తమలో తాము మాట్లాడుకునే రేడియో మార్గం) వారీగా ఎంచుకునే అంశం. ఒకే నగరంలో గస్తీ సిబ్బంది మాటలను అందరికీ వినపడనిచ్చి, మాదకద్రవ్యాల నిఘా బృందం మాటలను మాత్రమే మూసి ఉంచవచ్చు. అందుకే, అంతటినీ మూసేయక తప్పలేదని ఒక శాఖ చెప్పినప్పుడు, ఆ తప్పనిసరి రేడియో నుంచి వచ్చినది కాదని నేను కచ్చితంగా చెప్పగలను.

అపోహ: పోలీసుల మాటలు వినడమే నేరం.

వాస్తవం: మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా చూసింది కాబట్టి ఈ భయం సహజమే. అమెరికాలో 1986 నాటి సమాఖ్య చట్టం, ప్రజలకు సులభంగా అందే పోలీసు, అగ్నిమాపక ప్రసారాలను వినడానికి అనుమతించింది. ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రసారాలకు ఆ అనుమతి వర్తించదు. కారులో స్కానర్ పెట్టుకోవడంపై న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో వేరే ఆంక్షలున్నాయి. వాటిని ముందే తెలుసుకోవాలి.

అపోహ: ఎన్‌క్రిప్ట్ చేస్తే రహస్యం భద్రం.

వాస్తవం: ఈ రేడియోల్లో వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో కీ పొడవు 256 బిట్లు, సాధ్యమయ్యే కీల సంఖ్యను రాస్తే 78 అంకెలు వస్తాయి. ఎంత ఖరీదైన స్కానర్‌కైనా దాన్ని ఛేదించడం సాధ్యం కాదు. అయితే కీని ప్రతి రేడియోలోకీ ఎక్కించాలి, సకాలంలో మార్చాలి, మాట్లాడేవారు సరైన మోడ్‌లో ఉండాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మాటలు ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయని నమ్మిన సమాఖ్య నిఘా సిబ్బంది సంభాషణల్లో గణనీయమైన భాగం అందరూ వినగలిగేలా గాలిలోకి వెళ్తున్నట్లు తేలింది. నేరాల గురించి సమాచారం అందించే వ్యక్తుల పేర్లు సైతం అందులో ఉన్నాయి. దీనికి రెండో వైపు నాకు మరింత కలవరం కలిగిస్తుంది. సాయానికి పరుగెత్తుకొచ్చిన పొరుగూరి పోలీసు రేడియోలో ఆ కీ లేకపోతే, పక్కనే నిలబడిన సహచరుడి హెచ్చరిక కూడా అతనికి రేడియోలో వినపడదు. ఎన్‌క్రిప్షన్ గురించి చర్చించే ప్రతి సమావేశంలోనూ నేను మొదట అడిగేది పొరుగువారికి కీలు ఎవరు, ఎప్పుడు ఇస్తారనే.

అపోహ: పౌరుల వ్యక్తిగత వివరాలను కాపాడాలంటే అంతా మూయక తప్పదు.

వాస్తవం: డ్రైవింగ్ లైసెన్సు సంఖ్య, పుట్టిన తేదీ వంటివి ఊరంతా వినడం తప్పేనని నేనూ అంటాను. 2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ ఈ వివరాలను కాపాడాలని పోలీసు శాఖలను ఆదేశించింది. అయితే అందుకు ఎన్‌క్రిప్షన్‌తో పాటు, ఆ వివరాలు రేడియోలో పలకకుండా విధానం రూపొందించుకునే దారినీ చూపింది. చాలా శాఖలు మొదటి దారే పట్టాయి. పాలో ఆల్టో నగరం కూడా 2021 జనవరిలో పూర్తిగా మూసివేసి, 2022లో మనసు మార్చుకుని మళ్లీ తెరిచింది. అప్పటి విధానం ప్రకారం ఒకరి వివరాలు కావలసినప్పుడు అక్కడి అధికారులు ఫోన్‌నో వాహనంలోని కంప్యూటర్‌నో వాడుకోవచ్చు. ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారన్నది మాత్రం గాలిలో అందరికీ వినపడేది. ఆచరణలో దీనికి సిబ్బంది శిక్షణ, కొంత ఓపిక అవసరం. కొత్త రేడియోలు అక్కర్లేదు.

అపోహ: మూసిన ప్రసారాలను తర్వాత ఆలస్యంగా వినిపించినా, అప్పటికప్పుడు విన్నంత ఫలితమే.

వాస్తవం: షికాగో 2022 నుంచి తన ప్రసారాలను 30 నిమిషాలు ఆలస్యంగా ఇంటర్నెట్‌లో వినిపించే ఏర్పాటు చేసుకుంది. తర్వాత ఏం జరిగిందో సమీక్షించేవారికి అది ఉపయోగమే. కానీ కాల్పులు జరుగుతున్న వీధి వైపు పిల్లలను బడి నుంచి తీసుకురావడానికి బయలుదేరిన తల్లికీ, ఘటనా స్థలానికి చేరుకోవలసిన విలేకరికీ ఆ మాటలు అందేసరికి పోలీసులు ఆ వీధిని ఖాళీ చేసి వెళ్లిపోయి ఉండవచ్చు.