పాత బ్యాటరీకి అంత గిరాకీ ఎందుకు?

తిరుపతిలో కారు బ్యాటరీ కొనబోతే దుకాణదారుడు రెండు ధరలు చెబుతాడు: పాతది ఇస్తే ఒకటి, ఇవ్వకపోతే ఒకటి. అరిగిన టైరుకు గానీ, పగిలిన బంపరుకు గానీ ఈ మర్యాద లేదు. ఆ బ్యాటరీలో ఎక్కువ భాగం సీసం. కారులో వాడే పదార్థాల్లో సీసమంత విరివిగా మళ్లీ వాడుకలోకి వచ్చేవి అరుదు. అందుకు కారణమైన గుణమే, పాత బ్యాటరీలను కరిగించే, ఏ లెక్కల్లోనూ కనిపించని పెరటి కొలిమిలకూ ఆధారమైంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులను చుట్టగా చుట్టి, గంధకామ్లంలో ఉంచి, మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల తొలి బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడ్ ముద్దను ప్లేట్లకు పట్టించే పద్ధతి తెచ్చాక దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం సాధ్యమైంది. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ రావడంతో హ్యాండిల్ తిప్పే బాధ తప్పి, బ్యాటరీ కారులో శాశ్వత భాగమైపోయింది.

మూతలున్న పాతరకం బ్యాటరీని మెకానిక్ పరీక్షించే తీరు గమనిస్తే దాని లోపలి రసాయన చర్య కంటికి కనిపిస్తుంది. ఆరు మూతలూ విప్పి, ఒక్కొక్క సెల్లులో హైడ్రోమీటరు (ఆమ్లం సాంద్రత కొలిచే గాజు గొట్టం) ముంచి ఆమ్లాన్ని పైకి పీలుస్తాడు. నిండుగా ఛార్జి ఉంటే సాంద్రత 1.28 దగ్గర ఉంటుంది. కరెంటు వాడుకున్నకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు రెండు రకాల ప్లేట్లకూ చేరి లెడ్ సల్ఫేటుగా మారుతుంది, ఆమ్లం పలచబడుతుంది, హైడ్రోమీటరు లోపల తేలే బుడ్డి కిందికి దిగుతుంది. ఛార్జి చేస్తే ఇదంతా వెనక్కి జరుగుతుంది. దీర్ఘకాలం ఛార్జి లేక సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతే మాత్రం ఆ బ్యాటరీ మళ్లీ లేవడం కష్టం.

మెత్తని సీసం తన బరువును తానే మోయలేదు కాబట్టి ముద్దను పట్టి ఉంచే ప్లేట్ల జాలీకి యాంటిమొనీ అనే మూలకం కలిపేవారు. దానివల్ల ఛార్జి సమయంలో నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోవడం ఎక్కువై, డ్రైవర్లు తరచూ డిస్టిల్డ్ వాటర్ పోసుకోవాల్సి వచ్చేది. యాంటిమొనీ స్థానంలో కొద్దిపాటి కాల్షియం చేరాక ఆ అవసరం దాదాపు తీరిపోయింది.

చిత్తూరు జిల్లా పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడు 1985లో రేణిగుంట సమీపంలోని కరకంబాడిలో అమరరాజా బ్యాటరీస్‌ను స్థాపించారు. మొదట టెలిఫోన్, రైల్వే శాఖల అవసరాలు తీర్చిన ఆ సంస్థ 2000లో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీల్లోకి వచ్చింది. తర్వాత చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లికీ విస్తరించింది. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ ప్లాంట్లను మూసివేయాలని ఉత్తర్వులివ్వగా, హైకోర్టు వాటి అమలును నిలిపివేసింది. ఆ తగవులో ఎవరిది ఒప్పన్నది అలా ఉంచితే, సీసం గురించి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అంత విస్తృతంగా చర్చ జరిగిన సందర్భం మరొకటి లేదనే నా అభిప్రాయం. ఆ చర్చంతా ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయి, పాత బ్యాటరీలు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న దాకా రాకపోవడమే లోటు.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. ఇనుప మూకుడు, కట్టెల మంట ఉంటే చాలు. అందుకే పాత బ్యాటరీని ఎవరైనా కొంటారు. అయితే మూకుడులో సులువుగా కరిగేది జాలీ మాత్రమే. ప్లేట్లకు అంటుకున్న ముద్దలోని లెడ్ సల్ఫేటు అలా లొంగదు. పద్ధతిగా నడిచే కర్మాగారంలో బ్యాటరీని పొడిచేసి నీటి తొట్టిలో వేస్తారు, ప్లాస్టిక్ తేలుతుంది, సీసం మునుగుతుంది. ముద్దను సోడియం కార్బొనేటుతో కలిపితే గంధకం సోడియం సల్ఫేటుగా వేరుపడుతుంది. మిగిలినదాన్ని దాదాపు 1000 డిగ్రీల కొలిమిలో బొగ్గుతో సీసంగా మారుస్తారు, పొగను ఫిల్టర్ సంచుల్లో పట్టేస్తారు. పెరటి కొలిమికి ఈ ఖర్చేదీ లేదు. బరువు తగ్గడానికి ఆమ్లాన్ని ముందే నేలపాలు చేస్తారు, ముద్దను బొగ్గుతో కాలిస్తే సీసపు ధూళి, సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలుస్తాయి, ఇంకా సీసం మిగిలిన చిట్టెం కాలువ గట్టుకు చేరుతుంది. ఖర్చు లేదు కాబట్టే పెరటి కొలిమి నడిపేవాడు పాత బ్యాటరీకి కిలోకు ఎక్కువ ధర ఇవ్వగలడు.

దీని పర్యవసానం ఎంతవరకు పోగలదో సెనెగల్ రాజధాని డకార్ శివారులో తేలింది. అక్కడ ఇళ్ల మధ్య బ్యాటరీలు పగలగొట్టిన చోట 2007-08లో 18 మంది పిల్లలు చనిపోయారు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన బ్యాటరీల నిబంధనలు పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారులపైనా డీలర్లపైనా పెట్టాయి. వీధిలో రొక్కమిచ్చి కొనే గుజిరీ వ్యాపారిని ఆ కాగితం ఆపలేకపోయింది. 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తించేలా తయారీదారుల బాధ్యతను విస్తరించాయి.

అదే ఏడాది తిరుపతి ఎలక్ట్రానిక్స్ సముదాయంలో మునోత్ సంస్థ పవర్ బ్యాంకులకు వాడే లిథియం సెల్లుల ప్లాంటులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టింది. విద్యుత్ కార్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుల విషయంలో సీసం లెక్క తిరగబడుతుంది: కోబాల్ట్, నికెల్ లేని ఆ సెల్లులో విలువైనది తక్కువ, విడదీసే ఖర్చు ఎక్కువ, తప్పుగా పగలగొడితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. గిట్టుబాటు కాని సరుకు కోసం ఎవరూ గుమ్మం దాకా రారు. అందుకే విద్యుత్ వాహనాల కొత్త బ్యాటరీల్లో తిరిగి సంపాదించిన పదార్థం 2027-28లో 5 శాతం, 2030-31 నాటికి 20 శాతం ఉండాలని 2022 నిబంధనలే లెక్క కట్టి చెప్పాయి.