డైరెక్ట్ ఐఓ పెడితే డేటాబేస్ స్పీడ్ పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఓ_డైరెక్ట్ (ఓఎస్ క్యాష్‌ని దాటి డిస్క్‌తో నేరుగా పని చేయించే డైరెక్ట్ ఐఓ సెట్టింగ్) ఆన్ చేస్తే చాలు, మిగతాదంతా డేటాబేసే చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకోదు. మై ఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ (దాని డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్) ఒక 16 కేబీ పేజీ, అంటే ఒక డేటా ముక్క, చదవాలంటే, మామూలుగా అది ముందు లినక్స్ ర్యామ్‌లో ఉంచుకునే పేజీ క్యాష్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి డేటాబేస్ సొంత క్యాష్ అయిన బఫర్ పూల్‌లోకి కాపీ అవుతుంది. ఒకే పేజీ ర్యామ్‌లో రెండు చోట్ల కూర్చుంటుందన్నమాట. ఓ_డైరెక్ట్ చేసేదల్లా ఆ మధ్య మజిలీని తీసేయడమే. అలా మిగిలిన మెమరీని బఫర్ పూల్‌కి ఇవ్వాల్సింది మనమే. 64 జీబీ సర్వర్‌లో బఫర్ పూల్‌ని డిఫాల్ట్ 128 ఎంబీ దగ్గరే వదిలేసి ఇది ఆన్ చేశారనుకోండి, అంతదాకా పేజీ క్యాష్ నుంచి చిటికెలో వచ్చిన రీడ్‌లన్నీ డిస్క్ మీద పడతాయి, క్వెరీలు నత్తనడక నడుస్తాయి, అప్పుడు అందరూ ఓ_డైరెక్ట్‌నే తిడతారు. డేటాబేస్ ఒక్కటే నడిచే మెషిన్ అయితే ముందు ర్యామ్‌లో 50 నుంచి 75 శాతం బఫర్ పూల్‌కి కేటాయించండి, ఆ తర్వాతే ఈ సెట్టింగ్ జోలికి వెళ్లండి.

అపోహ: క్యాష్ దాటి నేరుగా రాస్తున్నాం కాబట్టి ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌లో భద్రంగా పడేదాకా ఆగే పిలుపు) అక్కర్లేదు.

వాస్తవం: దయచేసి ఈ మాట నమ్మొద్దు! డ్రైవ్‌కి సొంత రైట్ క్యాష్ ఉంటుంది, కరెంటు పోతే అందులోది కూడా పోవచ్చు. ఫైల్ పెరిగినప్పుడు మారే మెటాడేటా (సైజు లాంటి ఫైల్ వివరాలు) కూడా ఎఫ్‌సింక్‌తోనే భద్రంగా డిస్క్‌కి చేరుతుంది. పైగా ఇన్నోడీబీలో ఈ సెట్టింగ్ డేటా ఫైళ్లకే, రీడూ లాగ్ (మార్పుల చిట్టా) మామూలు దారిలోనే వెళ్లి ఎఫ్‌సింక్ అవుతుంది.

అపోహ: అన్ని డేటాబేస్‌లకీ ఇదే మందు.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్ మొదట్నుంచీ ఓఎస్ క్యాష్‌ని నమ్ముకునే నడుస్తోంది, అందుకే దాని సొంత క్యాష్ అయిన షేర్డ్ బఫర్స్‌కి ర్యామ్‌లో 25 శాతంతో మొదలుపెట్టమంటారు. వెర్షన్ 16లో డైరెక్ట్ ఐఓ ఆప్షన్ వచ్చింది గానీ అది డెవలపర్ల టెస్టింగ్ కోసం, ప్రొడక్షన్‌లో పెట్టేది కాదు. మై ఎస్‌క్యూఎల్‌లో పాత మైఐశామ్ ఇంజిన్ టేబుళ్లు ఇంకా ఉంటే, వాటి కీ బఫర్‌లో ఉండేది ఇండెక్సులే, టేబుల్ వరుసలు (రోలు) మొత్తం ఓఎస్ క్యాష్ మీదే ఆధారం, కాబట్టి బఫర్ పూల్‌కి ర్యామ్ అంతా ధారపోయకండి. ఒరాకిల్‌లో ఫైల్‌సిస్టమ్ఐఓ ఆప్షన్స్‌ని సెట్ఆల్‌గా పెడితే డైరెక్ట్, ఎసింక్ (పని పూర్తయ్యేదాకా ఆగకుండా సాగే ఐఓ) రెండూ వస్తాయి, అక్కడ కూడా బఫర్ క్యాష్ సైజు సరిచూసుకోవాల్సిందే.

మై ఎస్‌క్యూఎల్ 8.4 నుంచి లినక్స్‌లో ఓ_డైరెక్టే డిఫాల్ట్. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసేవాళ్లు కాన్ఫిగ్‌లో ఒక్క లైన్ ముట్టుకోకపోయినా ఇది మారిపోవచ్చు, బఫర్ పూల్ సైజు ముందురోజే చూసి పెట్టుకోండి.