పెండ్లి కార్డు మీది జంట గీతలు: విరామ చిహ్నాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: తెలుగుకు విరామ చిహ్నాలే లేవు, అన్నీ ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవే.

వాస్తవం: కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం అచ్చుతో పాటు వచ్చినవే. తాటాకు గ్రంథాల్లో మాటకూ మాటకూ నడుమ ఖాళీ కూడా ఉండదు. పద్యం ముగిసేచోట మాత్రం ఒంటి గీతో జంట గీతో కనిపిస్తుంది. మిగతా పని భాషే చూసుకునేది. 'వచ్చిండా' అంటే చివరి 'ఆ'తోనే అడుగుతున్నట్టు తెలుస్తుంది. 'అని' వచ్చిందంటే ఎదుటివాళ్ల మాట అక్కడికి అయిపోయినట్టు. 'అన్నా వదినా వచ్చిండ్రు' అనడానికి కామా వద్దు, 'మరియు' అసలే వద్దు.

అపోహ: జంట గీతలు పద్యాలకే, ఇప్పుడు వాటితో పనిలేదు.

వాస్తవం: నల్లగొండలో ఏ పెండ్లి కార్డైనా తీసి చూడండి. పైన '॥ శ్రీరస్తు ॥ శుభమస్తు ॥ అవిఘ్నమస్తు ॥', కింద చి॥, చి॥ల॥సౌ॥, కీ॥శే॥, గ్రా॥, మం॥, జి॥. పద్యం చివర ఆగమని చెప్పిన గుర్తు, ఇక్కడ మాటను కుదించామని చెబుతోంది. 'చి.ల.సౌ.' అని చుక్కలు పెట్టినా తప్పేం లేదు. ఒకే కార్డులో పైన చుక్కలు, కింద గీతలు పెడితేనే కంట్లో నలుసులా ఉంటుంది.

అపోహ: కీబోర్డు మీది నిలువు గీత రెండుసార్లు కొడితే సరిపోతుంది.

వాస్తవం: అది వేరే గుర్తు. చాలా ఫాంట్లలో అక్షరాల కన్నా పొడుగ్గా కిందికి దిగుతుంది. కంప్యూటర్లో ప్రతి గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో ఒంటి గీత 0964, జంట గీత 0965. పేరులో దేవనాగరి అని ఉన్నా తెలుగుకూ అవే. వర్డ్‌లో 0965 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ॥ వస్తుంది. ఫాంట్‌లో ఆ గుర్తు లేకుంటే వేరే ఫాంట్ నుంచి వచ్చి, పక్క అక్షరం కన్నా సన్నగానో లావుగానో పడుతుంది. ప్రూఫ్‌లో ముందు అది చూడాలి. పేర్లలో కనబడని గుర్తు ఇంకొకటుంది, యూనికోడ్ 200C. పక్క అక్షరాలు కలిసి వత్తు పడకుండా ఆపేది అదే. అది జారిపోతే 'రాజ్‌కుమార్' కాస్తా 'రాజ్కుమార్' అయి, జ కింద క వత్తు పడుతుంది.

అపోహ: కామాకు ముందు కాస్త ఖాళీ ఉంటే అందం.

వాస్తవం: సన్నని కాలమ్‌లో ఆ కామా తెగి కింది లైను మొదట్లో కూర్చుంటుంది. ఖాళీ తర్వాతే వదలాలి.

అపోహ: ప్రశ్నార్థకం ప్రపంచమంతా ఒక్కతీరే.

వాస్తవం: గ్రీకులో సెమికోలన్ ఆకారమే ప్రశ్నార్థకం. ఉర్దూలోనేమో అద్దంలో చూసినట్టు ఎడమ కుడి అయి ఉంటుంది, వాక్యం చివర చుక్క బదులు చిన్న అడ్డగీత. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడే నాటికి, ఉర్దూ బడిలో చదివి తెలుగు పత్రిక చదివేవాళ్లకు ఉర్దూ గుర్తులూ తెలుగు గుర్తులూ రెండూ అలవాటే.

ఇక 'స్వాగతం! సుస్వాగతం!!' అని ఫ్లెక్సీల మీద ఒకటి, ఆపై రెండు పెట్టడం ఏ వ్యాకరణంలోనూ లేదు, కానీ మనవాళ్లకు అదో లెక్క. మూడోది పెడితే నాయకుడి ఫొటోకు చోటు తగ్గుతుంది.