సున్నా దగ్గర మొదలుకాని గ్రాఫు: ఒక పాత వివాదం

50 నుంచి 52కు పెరిగిన అంకెను బార్ గ్రాఫుగా గీస్తూ నిలువు అక్షాన్ని 49 దగ్గర మొదలుపెడితే, రెండో కడ్డీ మొదటిదానికి మూడింతల ఎత్తున కనిపిస్తుంది. అంకెల్లో తప్పు లేకపోయినా చూసినవారు మోసపోతారు. అక్షం సున్నా నుంచే మొదలవ్వాలా అన్న వాదన ఇక్కడే పుట్టింది.

స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో వెలువరించిన అట్లాస్‌లో ఇంగ్లండ్ వాణిజ్యాన్ని ఏళ్ల వెంబడి సాగే గీతలతో చూపాడు. స్కాట్లండ్‌కు మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరకడంతో, ఒక్కో దేశంతో జరిగిన ఎగుమతి, దిగుమతులను పక్కపక్కన కడ్డీలుగా నిలిపాడు. ఈ తేడా ముఖ్యమైనది: గీత మార్పును చెబుతుంది, కడ్డీ తన పొడవుతోనే పరిమాణాన్ని చెబుతుంది. కడ్డీ అడుగుభాగాన్ని కోసేస్తే అది చెప్పే విలువే మారిపోతుంది.

పొడవుతో పాటు వైశాల్యమూ చిక్కులు తెచ్చింది. 1850లలో జరిగిన క్రిమియా యుద్ధంలో గాయాలకన్నా నివారించగల వ్యాధులతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని నిరూపించేందుకు నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ గీసిన తొలి వృత్తాకార చిత్రాల్లో మరణాల రేటు కేంద్రం నుంచి దూరాన్నిబట్టి ఉండేది. వ్యాసార్థం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది కనుక, తర్వాతి చిత్రాల్లో ఆమె వైశాల్యాన్నే కొలతగా తీసుకున్నారు. సదుద్దేశంతో గీసిన బొమ్మ కూడా దారితప్పించగలదని గుర్తించి దిద్దుకున్న ఆ నిజాయితీ, నా దృష్టిలో, ఆ చిత్రాల అందంకన్నా గొప్పది.

అమెరికాలో గ్రాఫుల ప్రమాణాల కోసం ఇంజినీరు విల్లర్డ్ బ్రింటన్ అధ్యక్షతన ఏర్పడిన సంయుక్త సంఘం 1915లో, వీలైనంతవరకు సున్నా గీత కనిపించాలని, కుదరనప్పుడు అక్షం మధ్యలో తెగిన చోటును స్పష్టంగా చూపాలని, వైశాల్యం, ఘనపరిమాణం కన్నా పొడవుతో చూపడమే మేలని సిఫారసు చేసింది. దీనికి ప్రయోగాల ఆధారం 1984లో దొరికింది. గణాంకవేత్తలు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ జరిపిన పరీక్షల్లో, ఒకే కొలబద్ద మీది స్థానాలను పోల్చడంలో మనుషులు అతి తక్కువగా పొరబడ్డారు; పొడవు, కోణాల విషయంలో పొరపాట్లు పెరిగాయి. దీన్నిబట్టి చూస్తే, వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపే ‘పై’ (pie) చార్టు ముక్కలకన్నా కడ్డీలే నమ్మదగినవి.

అయితే సున్నా నియమాన్ని అన్ని గ్రాఫులకూ గుడ్డిగా రుద్దితే అదీ వంచనకే దారితీస్తుంది. 19వ శతాబ్దం చివరినుంచి భూమి సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్‌కు పైగా పెరిగింది. ఆ గీతను ఫారన్‌హీట్ సున్నా నుంచి వందకు పైదాకా సాగే అక్షంపై గీస్తే, ఇంత పెద్ద మార్పూ దాదాపు చదునైన గీతలో కలిసిపోతుంది.