మాల్దీవులు ఎప్పుడు మునుగుతాయని కాదు, తాగునీరు ఎన్నాళ్ళుంటుందని అడగండి: అపోహలు – వాస్తవాలు

తీరప్రాంత భూగర్భ జలాల మీద పనిచేసే నన్ను, మాల్దీవుల పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా పరిచయస్తులు "అవి ఏ సంవత్సరానికి మునిగిపోతాయి?" అని అడుగుతారు. అసలు అపోహ ఆ ప్రశ్నలోనే ఉంది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: నేల మునిగేదాకా దీవుల వారికి ఢోకా లేదు.

వాస్తవం: నేల మునగక చాలా ముందే తాగునీరు పోతుంది. మాల్దీవులు, పసిఫిక్ సముద్రంలోని తువాలు, కిరిబాటి వంటి పగడపు దీవుల్లో నదులు లేవు. ఇసుకలోకి ఇంకిన వాననీరు, బరువైన ఉప్పునీటి మీద, పులిసిన మజ్జిగ మీద తేటలా నిలుస్తుంది. బాపట్ల తీరంలో దొరువు తవ్వుకున్న రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. లోతుకు పోతే ఉప్పే తగులుతుందని వారికి తెలుసు. సిద్ధాంతం ప్రకారం మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఎంత ఎత్తున ఉంటే, దానికి సుమారు 40 రెట్ల మందాన కింద మంచినీరు ఉంటుంది. అంటే అతిగా తోడి ఆ మట్టాన్ని ఒక్క అంగుళం దించితే, అడుగున మీటరు మందం మంచినీరు తరిగిపోతుంది.

సముద్రం పెరిగేకొద్దీ ఒకప్పుడు ఒడ్డున ఆగిన అలలు ఊరి మీదుగా పొర్లి, పైనుంచి కూడా ఉప్పును ఇంకిస్తాయి. దాన్ని వానలు కడిగేయడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. మార్షల్ దీవుల్లోని రోయ్-నమూర్‌ను పరిశీలించిన 2018 నాటి అధ్యయనం, ఈ కారణంగానే చాలా పగడపు దీవులు ఈ శతాబ్దం మధ్యకల్లా నివాసయోగ్యం కాకుండా పోవచ్చని అంచనా వేసింది. అయినా చర్చంతా గట్టు కట్టడం చుట్టూనే తిరుగుతోంది. తువాలు రాజధాని ఫునాఫుటిలో పెద్ద పోట్ల రోజుల్లో ఉప్పునీరు నేలలోంచే ఉబికి వస్తుంది. దాన్ని ఏ గట్టు ఆపగలదు? అక్కడివారు గుంటల్లో పెంచుకునే పులాకా దుంప ఆ ఉప్పుకే కుళ్ళిపోతోంది.

మాకు తెలిసిన ఒక పెద్దావిడ కుమారుడు మాల్దీవుల్లోని ఒక చిన్న దీవిలో ఉపాధ్యాయుడు. ఎవరో పంపిన వీడియో చూసి, అబ్బాయిని వెంటనే వచ్చేయమనాలా అని ఆవిడ కన్నీళ్ళతో అడిగారు. ఆవిడ భయం చూసి బాధ కలిగింది, ఆ వీడియో చేసినవారి మీద కోపం వచ్చింది. "దీవి రాత్రికి రాత్రి మునగదమ్మా, వానల్లేని నెలల్లో ట్యాంకు నీళ్ళు సరిపోతున్నాయేమో బాబును అడగండి" అన్నాను. ట్యాంకులు ఖాళీ అయితే పడవలో నీళ్ళు వస్తాయని అతను చెప్పాడట.

అపోహ: సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంటు పెడితే చాలు.

వాస్తవం: 2014 డిసెంబరులో మాలే నగరంలోని ప్లాంటులో మంటలు రేగి సుమారు లక్ష మందికి నీరు ఆగిపోతే, మన దేశం విమానాల్లో, నౌకల్లో నీటిని పంపవలసి వచ్చింది. ప్లాంటు అవసరమే, కానీ దాన్ని నమ్ముకుని బావులను వదులుకోకూడదు.

అపోహ: దీవులు పెరుగుతున్నాయి, ముప్పంతా అబద్ధం.

వాస్తవం: 1971–2014 మధ్య తువాలు విస్తీర్ణం 2.9 శాతం పెరిగిన మాట నిజం. అలలు ఇసుకను మేట వేస్తాయి. అంతమాత్రాన అక్కడి బావి నీరు తియ్యగా మారదు.

అపోహ: గ్లాసులో మంచుముక్క కరిగితే నీటిమట్టం పెరగదు కదా!

వాస్తవం: తేలే మంచు సంగతి అది. నేల మీది మంచు కరగడం, వేడికి సముద్రజలం వ్యాకోచించడం వల్ల 1901–2018 మధ్య మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది.

అపోహ: దీవుల వారు ఎలాగూ వలసపోతారు.

వాస్తవం: ఇరు దేశాల మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం ఆస్ట్రేలియా తువాలు వారికి ఏడాదికి 280 వీసాలే ఇస్తుంది, అక్కడి జనాభా సుమారు 11 వేలు. తువాలు ప్రభుత్వం ఫునాఫుటిలో సముద్రాన్ని పూడ్చి ఎత్తైన కొత్త నేలను కూడా సిద్ధం చేసుకుంది.