ఎగ్జిమా: నరాల మీద పడ్డ నింద ఎలా తొలగింది

మోచేతి మడతలో, మోకాలి వెనక కందిపోయిన చర్మం. పగలు ఎలాగో గడుస్తుంది. రాత్రి గోకీ గోకీ, పొద్దున లేచేసరికి దుప్పటి మీద రక్తపు చుక్కలు. ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లులకు ఇది తెలుసు. 'వేడి చేసింది', 'రక్తం చెడింది', 'వంకాయ పెట్టావా' అనే మాటలూ వాళ్లకు కొత్త కాదు.

డాక్టర్లు కూడా చాలాకాలం వేరే చోట వెతికారు. 1891లో ఫ్రాన్స్‌లో బ్రాక్, జాకే అనే డాక్టర్లు దీన్ని న్యూరోడెర్మటైటిస్ అన్నారు, అంటే నరాల వల్ల వచ్చే చర్మవ్యాధి. జర్మనీలో జనం ఇప్పటికీ ఇలాంటి పేరుతోనే పిలుస్తారు. టెన్షన్ పడితే దురద పెరిగే మాట నిజమే. కానీ ఆ పేరు వల్ల రోగి స్వభావం మీదే నింద పడింది, నాకు బాధనిపించేది అదే.

ఉబ్బసం, తుమ్ముల అలర్జీ ఉన్న కుటుంబాల్లోనే ఇదీ కనిపిస్తోందని గమనించి, 1933లో న్యూయార్క్‌లో వైజ్, సుల్జ్‌బెర్గర్ అనే డాక్టర్లు దీన్ని 'అటోపిక్ డెర్మటైటిస్' అన్నారు, అంటే అలర్జీ తత్వంతో ముడిపడ్డ చర్మపు వాపు. 1960లలో అలర్జీని రేపే ఐజీఈ యాంటీబాడీ (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్) దొరికింది. అయితే ఎగ్జిమా ఉన్న అందరిలోనూ అది ఎక్కువగా ఉండదు.

1986లో మాస్‌మన్, కాఫ్‌మన్ అనే పరిశోధకులు ఎలుకల్లో సహాయక టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థను నడిపే తెల్ల రక్తకణాలు) రెండు రకాలని చూపించారు. రెండో రకం కణాలు మామూలుగా నులిపురుగుల లాంటి వాటిని ఎదుర్కోవడానికి పనికొస్తాయి. ఎగ్జిమాలో అవి ఊరికే రెచ్చిపోతాయి. అవి వదిలే ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేత ప్రొటీన్లు చర్మాన్ని బలహీనపరుస్తాయి. ఐఎల్-31 నేరుగా నరాలను తాకి దురద పుట్టిస్తుంది. నరాల పాత్ర ఉంది, కానీ కబురు పంపేది రోగనిరోధక వ్యవస్థ.

2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకుల బృందం మరో ముడి విప్పింది. చర్మపు పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా ముప్పు బాగా పెరుగుతుంది. గోడ బీటలిస్తే తేమ బయటికి పోతుంది, దుమ్మూ సూక్ష్మజీవులూ లోపలికొస్తాయి. వాటి మీద టీ కణాలు రేగుతాయి, గోడ ఇంకా చెడుతుంది. రోజూ మాయిశ్చరైజర్ రాయమనేది ఇందుకే.

2017లో అమెరికాలో అనుమతి పొందిన డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఐఎల్-4, ఐఎల్-13 సంకేతాలను ఆపుతుంది. చాలామందికి దురద తగ్గింది.

మన దగ్గర ఎగ్జిమానూ, ఫంగస్ మచ్చలనూ 'తామర' అనే అంటాం. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు రోగనిరోధక చర్యను తగ్గిస్తుంది కాబట్టి ఎగ్జిమా శాంతిస్తుంది. అదే ట్యూబు ఫంగస్ మీద రాస్తే రెండు రోజులు ఎరుపు తగ్గినట్టుంటుంది, ఆ తర్వాత మచ్చ చుట్టుపక్కలకు పాకుతుంది.